పీడీఎఫ్‌లో ఈ తెల్ల గీతలేంటి? బుడమేరు మ్యాప్ నేర్పిన పాఠం

పటమట నుంచి మళ్ళీ మీ ముందుకొచ్చేశా. ఈరోజు టాపిక్ చూసి "ఇది మనకెందుకులే" అని స్క్రోల్ చేసేయకండి. బీటెక్‌లోనో ఎంటెక్‌లోనో ఉద్యోగంలోనో ఎప్పుడో ఒకప్పుడు మీరూ ఒక రంగుల గ్రాఫ్ గీస్తారు. ల్యాప్‌టాప్‌లో బంగారంలా ఉంటుంది. పీడీఎఫ్‌గా సేవ్ చేసి ఫోన్‌లో ఓపెన్ చేస్తే రంగుల మధ్యలో సన్నగా తెల్ల గీతలు, పగిలిన అద్దంలా. రేపు సబ్మిషన్, ఈ రాత్రి ఇది. అప్పుడు ఏం చెయ్యాలో, అంతకంటే ముఖ్యంగా ఏం చెయ్యకూడదో ఈ ఎపిసోడ్‌లో చెప్తా.

ఆ రాత్రి ఏం జరిగిందంటే

మా పిన్ని కూతురు ఎంటెక్ సివిల్ చదువుతోంది. పిన్ని వాళ్ళ ఇల్లు అజిత్‌సింగ్ నగర్ వైపు. 2024 సెప్టెంబర్ 1 మీకు గుర్తుండే ఉంటుంది. ఆ ముందురోజు నుంచి కుంభవృష్టి. బుడమేరు పొంగింది, డైవర్షన్ కాలవకి గండ్లు పడ్డాయి, తెల్లారేసరికి సింగ్ నగర్, పాయకాపురం, వాంబే కాలనీ అంతా నీళ్ళు. ఆ మర్నాడు ప్రకాశం బ్యారేజీ దగ్గర కృష్ణ 11.43 లక్షల క్యూసెక్కులతో పారింది. బ్యారేజీ కట్టిన తర్వాత అంత వరద ఎప్పుడూ లేదు. పడవల్లోనూ డ్రోన్లతోనూ అన్నం ప్యాకెట్లు అందించిన రోజులవి. పిన్ని వాళ్ళు మేడ మీద, కరెంటు లేకుండా, ఫోన్లో చార్జింగ్ లేకుండా ఉన్నారు. ఇక్కడ పటమటలో మేము వాళ్ళ నంబర్‌కి చేస్తూనే ఉన్నాం, స్విచ్డ్ ఆఫ్.

ప్రాజెక్ట్‌కి టాపిక్ ఎంచుకోమంటే చెల్లి ఇంకేం ఆలోచించలేదు. ఏ వీధిలో ఎంత లోతు నీళ్ళు నిలిచాయో లెక్కగట్టి మ్యాప్ వెయ్యాలి అనుకుంది. 30 మీటర్లకి ఒక పాయింట్ చొప్పున ఉండే శాటిలైట్ ఎత్తుల డేటా తీసుకుంది. గోడల మీద మిగిలిన నీటి మరకల్ని టేపు పెట్టి కొలిచింది. పైథాన్‌లో మ్యాట్‌ప్లాట్‌లిబ్‌తో మ్యాప్ గీసింది. లోతు తక్కువైన చోట లేత నీలం, పెరిగే కొద్దీ ముదురు నీలం.

ఫైనల్ రివ్యూకి ముందు జరిగిన చిన్న రివ్యూలో ఆ పీడీఎఫ్‌ని ప్రొజెక్టర్ మీద వేశారు. మ్యాప్ నిండా తెల్ల గీతలు. ఎగ్జామినర్ గారు ఒక గీత మీద వేలు పెట్టి, "ఇదేంటమ్మా, కాలవ గట్టా? ఇక్కడ నీళ్ళు రాలేదా?" అని అడిగారు.

ఆయన వేలు పెట్టిన చోట ఉన్నది పిన్ని వాళ్ళ వీధి.

చెల్లి ఏం చెప్పాలో తెలీక నిలబడిపోయింది. ఫైనల్ రివ్యూ ముందురోజు రాత్రి తొమ్మిదింటికి ల్యాప్‌టాప్ పట్టుకుని మా ఇంటికొచ్చింది. "అన్నయ్యా, పొద్దున ఎనిమిదింటికి ఫ్లెక్సీ షాప్‌లో పోస్టర్ ప్రింట్‌కి ఇవ్వాలి. ఫొటోషాప్‌లో బ్రష్ పెట్టి ఈ తెల్ల గీతలన్నీ నీలంగా పూసేద్దామా?" అంది.

వద్దన్నాను. ఎందుకు వద్దన్నానో వినండి.

చీటీ ఒకటి, వంట ఇంకొకటి

పీఎన్‌జీ, జేపీజీ అంటే చిన్న చిన్న రంగు గళ్ళు. ఏ గడిలో ఏ రంగో ముందే డిసైడ్ అయిపోయింది. ఇది రాస్టర్. పెద్దది చేస్తే మసకబారుతుంది.

పీడీఎఫ్, ఎస్‌వీజీ, ఈపీఎస్‌లలో మామూలుగా ఉండేది వెక్టర్. అంటే అది వండిన వంట కాదు, వంట చీటీ. "ఇక్కడి నుంచి ఇక్కడికి గీత గియ్యి, ఈ ఆకారం లోపల ఈ నీలం నింపు" అని రాసి ఉంటుంది. చీటీ చదివి వండేది మీ ఫోన్‌లోని పీడీఎఫ్ యాప్. అందుకే ఎంత జూమ్ చేసినా అక్షరాలు పదునుగా ఉంటాయి. అందుకే ఒకే ఫైల్ మీ ఫోన్‌లో ఒకలా, షాపువాడి కంప్యూటర్‌లో ఇంకోలా కనిపించొచ్చు కూడా.

ఇప్పుడు రంగులు నింపిన మ్యాప్ సంగతి. కాంటూర్‌ఎఫ్ అనే ఫంక్షన్ ఒక్కో లోతుకి ఒక్కో ఆకారం తయారుచేస్తుంది. అర మీటరు నుంచి మీటరు దాకా ఒక ఆకారం, మీటరు నుంచి మీటరున్నర దాకా ఇంకొకటి. పక్కపక్క ఆకారాలకి అంచు ఒకటే. లెక్క ప్రకారం వాటి మధ్య వెంట్రుకంత ఖాళీ కూడా లేదు. మరి తెలుపు ఎక్కడిది?

ముగ్గులో రంగులు నింపినట్టు

సంక్రాంతి ముగ్గు అనుకోండి. ఒక గడిలో అక్క ఎరుపు నింపుతోంది, పక్క గడిలో చెల్లి పసుపు నింపుతోంది. అంచు దగ్గరికి రాగానే ఇద్దరూ చెయ్యి కాస్త తేలిక చేసి పలచగా చల్లారు. రెండు వైపులా రంగు పడింది, కానీ అంచు పొడుగునా కింద నేల లీలగా కనిపిస్తుంది.

పీడీఎఫ్ యాప్ చేసేదీ ఇదే. అంచులు మెట్లు మెట్లుగా కాకుండా నున్నగా కనిపించాలని అంచు పడిన పిక్సెల్‌లో రంగుని పలచన చేస్తుంది. దీన్ని యాంటీ ఏలియాసింగ్ అంటారు. ఒక పిక్సెల్‌లో సగం లేత నీలం, సగం ముదురు నీలం ఉందనుకుందాం. కింద కాగితం తెలుపు. ముందు లేత నీలం సగం బలంతో పడుతుంది. ఇప్పుడు ఆ పిక్సెల్‌లో 50 శాతం లేత నీలం, 50 శాతం తెలుపు. దాని మీద ముదురు నీలం సగం బలంతో పడుతుంది. అంటే 50 శాతం ముదురు నీలం, మిగతా సగంలో 25 శాతం లేత నీలం, 25 శాతం తెలుపు.

ఆ మిగిలిన 25 శాతం తెలుపే మనకి కనిపించే గీత. రెండు ఆకారాలూ కలిసి పిక్సెల్ మొత్తాన్ని కప్పాయని యాప్‌కి తెలీదు. అది ఒక్కో ఆకారాన్ని విడివిడిగా వేసుకుంటూ పోతుంది.

మరి పీఎన్‌జీలో ఎందుకు రాలేదు? కాంటూర్‌ఎఫ్‌కి యాంటీ ఏలియాసింగ్ డీఫాల్ట్‌గా ఆఫ్‌లో ఉంటుంది. పీఎన్‌జీని వండేది మ్యాట్‌ప్లాట్‌లిబ్బే కాబట్టి ఆ మాట చెల్లుతుంది. పీడీఎఫ్‌ని వండేది యాప్ కాబట్టి అది దాని పద్ధతిలో నున్నగా చేసేస్తుంది.

ముందు మూడు పరీక్షలు, తర్వాతే మందు

చాలామంది గీత కనిపించగానే ఏదో ఒక లైన్ కాపీ చేసి పేస్ట్ చేస్తారు. గీత పోతే పోయింది, లేకపోతే ఇంకో లైన్. అలా వద్దు. ముందు ఆ గీత ఎవరిదో తేల్చండి. యాప్‌దా, ఫైల్‌దా, మీ డేటాదా?

ఒకటో పరీక్ష, జూమ్. ఫోన్‌లో రెండు వేళ్ళతో పెద్దది చెయ్యండి. ఎంత జూమ్ చేసినా గీత అదే వెంట్రుక మందంలో ఉందా? అది యాప్ గీసిన గీత. జూమ్‌తో పాటు గీత కూడా లావవుతోందా? అది నిజమైన ఖాళీ.

రెండో పరీక్ష, అడుగు రంగు మార్చడం. గ్రాఫ్ బ్యాక్‌గ్రౌండ్‌ని ఎరుపు చెయ్యండి. ఏఎక్స్ డాట్ సెట్ అండర్‌స్కోర్ ఫేస్‌కలర్, బ్రాకెట్లో కోట్స్ మధ్య రెడ్. మళ్ళీ పీడీఎఫ్ సేవ్ చెయ్యండి. గీతలు ఎర్రబడ్డాయా? అయితే కింద ఉన్నది పైకి కనిపిస్తోందని రుజువైనట్టే. ఇంకా తెల్లగానే ఉన్నాయా? అయితే ఎవరో తెల్ల రంగుతో నిజంగానే గీశారు. మీ కోడ్‌లోనే ఎక్కడో అంచు రంగు తెలుపు అని ఉంటుంది.

మూడో పరీక్ష, దారి చూడటం. యాప్ వల్ల వచ్చే గీత రెండు రంగులు కలిసే చోటే వస్తుంది, ఆ అంచు వెంటే వంకర్లు తిరుగుతుంది. రంగుల్ని లెక్కచెయ్యకుండా నిలువునా కోసుకుంటూ పోతే అనుమానించాల్సిందే.

కంప్యూటర్‌లో అడోబ్ అక్రోబాట్ రీడర్ ఉంటే ఇంకో చిట్కా. ప్రిఫరెన్సెస్‌లో పేజ్ డిస్‌ప్లే కింద స్మూత్ లైన్ ఆర్ట్ అని ఉంటుంది. దాని టిక్ తీసేస్తే యాప్ గీతలు మాయమవుతాయి. కానీ అది మీ కంప్యూటర్‌లో మాత్రమే. ఎగ్జామినర్ గారి కంప్యూటర్‌లో టిక్ అలాగే ఉంటుంది. కాబట్టి దీన్ని పరీక్షకి వాడండి, పరిష్కారం అనుకోకండి.

చెల్లి మ్యాప్‌లో దొరికింది

బ్యాక్‌గ్రౌండ్ ఎరుపు చేసి పీడీఎఫ్ సేవ్ చేశాం. గీతలన్నీ ఎర్రబడ్డాయి. సరే, అనుకున్నదే. చెల్లి ఫోన్‌లో జూమ్ చేసుకుంటూ వెళ్ళింది. ఒక్కో గీతా వెంట్రుకలాగే ఉండిపోయింది. ఎగ్జామినర్ గారు వేలు పెట్టిన గీత దగ్గరికొచ్చాం.

అది లావైంది. ఇంకా జూమ్ చేస్తే పట్టీ అంత అయింది. పైగా అది వంకర్లు తిరగట్లేదు. ఉత్తరం నుంచి దక్షిణానికి స్కేలు పెట్టి గీసినట్టు, లేత నీలాన్నీ ముదురు నీలాన్నీ కోసుకుంటూ పోయింది.

కోడ్ తెరిచాం. ల్యాప్‌టాప్ మెమరీ సరిపోలేదని ఏరియాని రెండు ముక్కలు చేసి లెక్క వేసింది. మొదటి ముక్క 0 నుంచి 400, రెండో ముక్క 401 నుంచి చివరిదాకా. చూడ్డానికి కరెక్టుగానే ఉంది కదా? కానీ పైథాన్‌లో 0 నుంచి 400 అంటే 399 దగ్గర ఆగిపోతుంది, చివరి నంబర్ లెక్కలోకి రాదు. కాబట్టి 400వ నిలువు వరుస ఏ ముక్కలోకీ రాలేదు. రెండూ కలిపినప్పుడు అక్కడ నంబర్ లేకుండా ఖాళీగా మిగిలింది. నంబర్ లేని పాయింట్‌కి తగిలే గళ్ళలో కాంటూర్‌ఎఫ్ రంగు నింపదు. ఒక్క వరుస పోతే అటు 30 మీటర్లు, ఇటు 30 మీటర్లు, మొత్తం 60 మీటర్ల పట్టీ ఖాళీ. నోట్‌బుక్‌లో కనిపించే చిన్న బొమ్మలో అది రెండు మూడు పిక్సెళ్ళే. చెల్లి రోడ్డు అనుకుని వదిలేసింది.

ఆ 60 మీటర్లలో ఒక వీధి ఉంది. నాలుగిళ్ళ గోడల మీద మరకలు తనే టేపు పెట్టి కొలిచిన వీధి.

ఇప్పుడు అర్థమైందా, బ్రష్ ఎందుకు వద్దన్నానో? అన్ని గీతలూ ఒకేలా ఉన్నాయి కదా అని నీలం పూసేసి ఉంటే మ్యాప్ అందంగా వచ్చేది. అక్కడ లోతు ఎంతో లెక్క మాత్రం ఉండేది కాదు. మనం ఊహించి వేసిన రంగు ఉండేది. రేపు ఆ మ్యాప్ చూసి ఎవరైనా "ఇక్కడ మోకాలి లోతే కదా" అనుకుంటే?

401ని 400 చేశాం. రెండు ముక్కలూ అతుక్కున్నాయి. ఆ పట్టీలోకి రంగొచ్చింది, ముదురు నీలం.

మిగతా గీతలకి మందు

అసలు తప్పు దిద్దాక మిగిలినవి యాప్ గీతలే. వాటికి మూడు దారులున్నాయి.

మొదటిది, అంచుకి అదే రంగు వెయ్యడం. కాంటూర్‌ఎఫ్ ఇచ్చేదాన్ని సీఎస్ అనే పేరుతో పట్టుకోండి. తర్వాత సీఎస్ డాట్ సెట్ అండర్‌స్కోర్ ఎడ్జ్‌కలర్, బ్రాకెట్లో కోట్స్ మధ్య ఫేస్. దాని కింద సీఎస్ డాట్ సెట్ అండర్‌స్కోర్ లైన్‌విడ్త్, బ్రాకెట్లో 0.3. ఇది మ్యాట్‌ప్లాట్‌లిబ్ 3.8 నుంచి. అంతకంటే పాత వెర్షన్ అయితే సీఎస్ డాట్ కలెక్షన్స్ మీద లూప్ పెట్టి ఒక్కోదానికి చెప్పాలి. ఇప్పుడు ప్రతి ఆకారానికీ దాని రంగుతోనే సన్నని అంచు వస్తుంది, పక్కదాని మీదకి కొంచెం ఎక్కుతుంది, కింద తెలుపు కనిపించదు. ఎక్కేది 0.15 పాయింట్, అంటే మిల్లీమీటర్‌లో ఇరవయ్యో వంతు. కంటికి తెలీదు. ఒక్క జాగ్రత్త. రంగులకి ఆల్ఫా పెట్టి పారదర్శకంగా చేసి ఉంటే ఇది పనికిరాదు. ఒకదాని మీద ఒకటి ఎక్కిన చోట ముదురు గీత వస్తుంది. తెల్ల గీత పోయి నల్ల గీత వచ్చినట్టవుతుంది.

రెండోది, అదే బొమ్మని రెండుసార్లు గియ్యడం. నవ్వకండి, పనిచేస్తుంది. ఇందాక 25 శాతం తెలుపు మిగిలింది కదా. దాని మీద మళ్ళీ అదే గీస్తే అందులో నాలుగో వంతు, అంటే 6 శాతం చిల్లర మిగులుతుంది. రెండో కోటు సున్నం వేసినట్టు. కానీ ఫైల్ సైజు దాదాపు రెట్టింపవుతుంది, ఆల్ఫా ఉంటే రంగులు మారిపోతాయి. ఇంకేదీ కుదరనప్పుడు మాత్రమే వాడండి.

మూడోది, రంగుల్ని మాత్రమే రాస్టర్ చెయ్యడం. సీఎస్ డాట్ సెట్ అండర్‌స్కోర్ రాస్టరైజ్డ్, బ్రాకెట్లో ట్రూ. సేవ్ చేసేటప్పుడు డీపీఐ 300. అక్షరాలు, గీతలు, స్కేలు వెక్టర్‌గానే ఉంటాయి. రంగుల భాగం ఒక్కటే పిక్సెల్ బొమ్మగా పీడీఎఫ్‌లో కూర్చుంటుంది. వండి పంపించాం కాబట్టి యాప్ వండేదేమీ లేదు, గీతలు రావు. లక్షల గళ్ళున్న మ్యాప్ ఫోన్‌లో తెరుచుకోక తిరుగుతూ ఉంటుందే, దానికి కూడా ఇదే మందు. ఇక్కడ చూడాల్సింది సైజు. ఏ4 సైజులో 300 డీపీఐతో చేసి ఏ1 పోస్టర్‌కి సాగదీస్తే అది 106 డీపీఐకి పడిపోతుంది. బొమ్మని ఏ1 సైజులోనే తయారుచెయ్యండి.

చెల్లికి మేము మూడోది వాడాం. ఎందుకంటే ఫ్లెక్సీ షాపుల్లో చాలాసార్లు పీడీఎఫ్‌ని కోరల్‌డ్రాలోనో ఫొటోషాప్‌లోనో తెరిచి బొమ్మగా మార్చి ప్రింట్ ఇస్తారు. మార్చేటప్పుడు స్క్రీన్ మీద గీతలు ఉంటే అవి ఫ్లెక్సీ మీదకి కూడా దిగిపోతాయి. ఆ రిస్క్ ఎందుకని.

ఇంకో నాలుగు జబ్బులు, వాటి గుర్తులు

మ్యాప్ బాగుంది, పక్కన ఉన్న కలర్‌బార్‌లో చారలు. కారణం అదే. కలర్‌బార్‌ని సీబార్ అని పట్టుకుని సీబార్ డాట్ సాలిడ్స్ డాట్ సెట్ అండర్‌స్కోర్ ఎడ్జ్‌కలర్, బ్రాకెట్లో కోట్స్ మధ్య ఫేస్.

పారదర్శకంగా నింపిన రంగు గట్టి రంగుగా మారి కింద గీతలన్నీ కప్పేసింది. ఈపీఎస్‌లో సేవ్ చేసి ఉంటారు. పోస్ట్‌స్క్రిప్ట్‌కి పారదర్శకత తెలీదు. పీడీఎఫ్‌లో సేవ్ చెయ్యండి.

మాట్‌ల్యాబ్‌లో పీడీఎఫ్ సేవ్ చేస్తే జూమ్‌లో అంతా మసక. బొమ్మ బరువుగా ఉంటే అది తనంతట తనే రాస్టర్ చేసేస్తుంది. ఎక్స్‌పోర్ట్‌గ్రాఫిక్స్ అనే ఫంక్షన్‌లో కంటెంట్‌టైప్ దగ్గర వెక్టర్ అని మీరే చెప్పండి. ఇది ఆర్2020ఏ వెర్షన్ నుంచి ఉంది.

మాట్‌ల్యాబ్‌లోనో ఆక్టేవ్‌లోనో ఒకే రంగు లోపల ఏటవాలు గీతలు. పెద్ద ఆకారాన్ని చిన్న త్రికోణాలుగా కోసి రాసినప్పుడు ఆ త్రికోణాల మధ్య ఇదే కథ నడుస్తుంది. అందుకే మూడో పరీక్షని ఒక్కదాన్నే నమ్మొద్దు, జూమ్ పరీక్ష కూడా చెయ్యాలి.

ఇంకో మాట, ఫోన్ వాడేవాళ్ళకి. షాపువాడికి వాట్సాప్‌లో పంపేటప్పుడు ఫొటోగా పంపకండి, డాక్యుమెంట్‌గా పంపండి. పీడీఎఫ్‌ని స్క్రీన్‌షాట్ తీసి పంపితే ఈ కష్టమంతా కృష్ణార్పణం.

మర్నాడు

పొద్దున ఎనిమిదింటికి షాప్‌లో ప్రింట్ తీసుకున్నాం. రివ్యూలో అదే ఎగ్జామినర్ గారు ఉన్నారట. పోస్టర్ చూసి అదే చోట వేలు పెట్టి, "మొన్న ఇక్కడ గీత ఉండాలే?" అన్నారట. చెల్లి దాచలేదు. "మీరడిగింది కరెక్టే సార్. మిగతావి పీడీఎఫ్ యాప్ గీతలు. అదొక్కటీ నా తప్పు. ఒక వరుస డేటా వదిలేశాను. అక్కడ మా ఇల్లుంది సార్, నీళ్ళు మా మెట్ల దాకా వచ్చాయి" అని చెప్పిందట. వరుస ఎలా పోయిందో, ఎలా పట్టుకుందో బోర్డు మీద గీసి చూపించిందట. ఆయన రివ్యూలో సగం టైమ్ దాని మీదే అడిగారట.

సాయంత్రం పిన్ని ఫోన్ చేసి, "ఏంట్రా, మన వీధిని మ్యాప్‌లో పెట్టారంట కదా" అంది. పెట్టాం పిన్నీ, కొంచెం ఆలస్యంగా పెట్టాం అన్నాను.

కాబట్టి ఈసారి మీ గ్రాఫ్‌లో అక్కర్లేని గీత కనిపిస్తే వెంటనే తుడిచేయకండి. ముందు రెండు వేళ్ళతో జూమ్ చేసి చూడండి. అది లావవుతుందో లేదో చూశాకే మిగతా పని.

సరే అండీ, ఇంకో ఎపిసోడ్‌లో కలుద్దాం. ఉంటా మరి.